పోటూ పాటూ

మాఘ పౌర్ణమికి నాలుగు రోజుల ముందు మా ఇంటి అరుగు మీద మొదలైన వాదన ఇది. ఒకవైపు మా అన్నయ్య. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. ఇంకోవైపు మా అమ్మాయి. విశాఖపట్నం నుంచి భీమిలి వచ్చే బీచ్ రోడ్డులో ఒక గెస్ట్‌హౌస్‌కి దిగినవాళ్లను చుట్టుపక్కల తిప్పి చూపించే పని తనది. హైదరాబాదు నుంచి తొమ్మిది మంది వస్తున్నారు: ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల భార్యలు, నలుగురు పిల్లలు, డెబ్బై దాటిన తల్లి. ఉండేది రెండు రోజులు. వాళ్లకోసం అమ్మాయి వేసిన ప్లాను కాగితం టీపాయ్ మీద ఉంటే అన్నయ్య తీసి చదివాడు. చదివి జేబులోంచి పెన్ను తీశాడు. ముప్పై ఏళ్లు పేపర్లు దిద్దిన చెయ్యి కదా, ఊరుకోలేదు.

అన్నయ్య: పదింటికి రుషికొండలో స్పీడ్ బోటు. ఒంటిగంటకి ఎర్రమట్టి దిబ్బలు. సాయంత్రం ఐదున్నరకి "జనం లేని బీచ్‌లో స్నానం". రాత్రి ఇసుకలో నెగడు, పాటలు. రెండోరోజు పొద్దున స్కూబా, మధ్యాహ్నం అరకు. అన్నిటికీ టైము వేశావమ్మలూ, సముద్రం టైము ఒక్కటే వెయ్యలేదు.

అమ్మాయి: సముద్రం ఎక్కడికీ పోదు మావయ్యా. వెళ్లిపోయేది వాళ్లు. రెండు రోజుల్లో అన్నీ చూపించాలి, డబ్బులిచ్చి వస్తున్నారు. మీలాగా స్కూలు పిల్లల్ని వరసగా నిలబెట్టి "అదిగో సముద్రం, చూశారా, పదండి" అంటే రెండోసారి ఎవరూ రారు.

అన్నయ్య: ఒంటిగంటకి ఎర్రమట్టి దిబ్బల్లో నీడ ఎక్కడుంది? డెబ్బై ఏళ్ల ఆవిడని అక్కడ నడిపిస్తావా?

అమ్మాయి: మిగతా టైములో వేరేవి ఉన్నాయి కాబట్టి అక్కడ పెట్టాను. అరగంట ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు.

అన్నయ్య: అదే నా బాధ. అది అరగంట ఫొటోల చోటా? మంచుయుగంలో సముద్రం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా కిందికి దిగిపోయి ఉండేది. మనం ఇప్పుడు నీళ్లు చూసేచోట అప్పట్లో మైళ్లకొద్దీ ఇసుక. ఆ ఇసుకని గాలి ఎత్తుకొచ్చి ఇక్కడ పోసింది. ఇసుక రేణువుల చుట్టూ ఇనుపతుప్పు పొరలా పట్టి ఎర్రబడింది. ఆ తర్వాత వానలు కోసి కోసి గండ్లు చేశాయి. దక్షిణాసియా ఉష్ణమండలంలో ఇలాంటివి మన దగ్గరా, తమిళనాడు దక్షిణాన తేరి దిబ్బల్లోనూ, శ్రీలంకలోనూ తప్ప పెద్దగా కనపడవు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. ఇంత కథ ఉన్నచోట ఎండలో కళ్లు మూసుకుని ఫొటో దిగి వెళ్లిపోతే వాళ్లు ఏం చూసినట్టు?

అమ్మాయి: ఎప్పుడు తీసుకెళ్లమంటారు?

అన్నయ్య: పొద్దు పొడవగానే. అప్పుడు వెలుగు పక్కనుంచి పడుతుంది. గండి గోడల మీద ప్రతి గీతా నీడతో లేస్తుంది. ఎరుపు, పసుపు, తెలుపు పొరలు విడివిడిగా కనపడతాయి. పిల్లల్ని గోడలెక్కనివ్వకు, పేర్లు చెక్కనివ్వకు. అది రాయి కాదు, ఇసుక. ఇవాళ గీసిన గీతలోంచి రేపు వాన దారి చేసుకుంటుంది. అంచుల కింద కూర్చోనివ్వకు, కూలుతుంది.

అమ్మాయి ఒంటిగంట కొట్టేసి ఆరు వేసింది. ఇక్కడితో అయిపోతుందనుకున్నాను. అన్నయ్య పెన్ను కాగితం మీద కిందికి జారి "స్నానం" అన్న మాట దగ్గర ఆగింది. దాన్ని రెండుసార్లు కొట్టేశాడు.

అమ్మాయి: అది తియ్యకండి. సముద్రం దాకా వచ్చి ఒళ్లు తడవకుండా ఎవరు వెళ్తారు?

అన్నయ్య: ఒడ్డున చూడ్డానికి బోలెడుంది. తొట్లకొండ ఉంది. రెండువేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు కొండమీద రాయి తొలిచి వాననీళ్లు పట్టుకున్న తొట్లు ఉన్నాయి, ఆ తొట్ల వల్లే కొండకి ఆ పేరు. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులున్నాయి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చిన నీళ్లు అవి. సబ్‌మెరీన్ మ్యూజియం ఉంది. ఇవి చాలవా? నీళ్లలోకి మాత్రం వద్దు.

అమ్మాయి: మావయ్యా, మీరు వద్దన్నంత మాత్రాన వాళ్లు దిగడం మానరు. నాతో దిగకపోతే రాత్రి భోంచేశాక వాళ్లంతట వాళ్లు దిగుతారు. చూసే మనిషి లేనిచోట, చీకట్లో, తాగి కూడా. పోయేవాళ్లలో చాలామంది అలాగే పోతున్నారు. "వద్దు" అని ఊరుకోవడం జాగ్రత్త ఎలా అవుతుంది?

అన్నయ్య: నీకు తెలీదు.

అమ్మాయి: తెలుసు. మీ పదో తరగతి అబ్బాయి గురించి అమ్మ చెప్పింది.

ఆ మాట తను అనకుండా ఉండాల్సిందేమో అనిపించింది నాకు ఆ క్షణాన. చాలా ఏళ్ల కిందటి సంగతి. అన్నయ్య క్లాసు పిల్లాడు, మూడో బెంచీలో కూచునేవాడు, ఆదివారం స్నేహితులతో కలిసి బీచ్‌కి వెళ్లాడు. అంతకు రెండు వారాల ముందే అన్నయ్య అదే ఒడ్డుకి క్లాసంతా తీసుకెళ్లి, ఒక్కరినీ తడవనివ్వకుండా వెనక్కి తెచ్చాడు. అప్పటినుంచి మా ఇంట్లో పిల్లలు చీలమండ దాటి నీళ్లలో నిలబడినా గట్టిగా కేకలేసేవాడు.

అమ్మాయి: తప్పు పట్టడానికి అనట్లేదు మావయ్యా. ఆ రోజు మీరు వాళ్లకి దిగొద్దని చెప్పారు. ఎక్కడ దిగకూడదో, ఎందుకు దిగకూడదో చెప్పారా?

అన్నయ్య చాలాసేపు ఏమీ అనలేదు.

అన్నయ్య: లేదు. అప్పటికి నాకే తెలీదు. భూగోళం చెప్పేవాణ్ణి, మూడు మైళ్ల దూరంలో ఉన్న నీళ్లు ఎలా నడుస్తాయో తెలీదు. తర్వాత జాలరిపేటలో ఒక పెద్దాయన చూపించాడు. అలలు వరసగా విరిగి తెల్లటి నురగ వస్తుంటుంది కదా, ఆ వరస మధ్యలో ఒక్కచోట మాత్రం అల విరగదు. నున్నగా, కాస్త ముదురు రంగులో, ఒక్కోసారి ఇసుక కలిసి బురదగా ఉంటుంది. కొత్తవాళ్లకి అదే నెమ్మదైన చోటులా కనపడుతుంది. అలలు లేవు కదా అని అక్కడే దిగుతారు. ఒడ్డుకి చేరిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదే. రిప్ కరెంటు అంటారు. మా వాడు దిగింది అలాంటి చోటే.

అమ్మాయి: చిక్కుకుంటే ఏం చెయ్యాలి?

అన్నయ్య: ఎదురీదకూడదు. ఎంత ఈత వచ్చినవాడైనా దానికి ఎదురు ఈది అలిసిపోతాడు. పోయేది మునిగి కాదు, ముందు అలిసిపోయి. ఆ దారి వెడల్పు ఎక్కువుండదు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి, శక్తి ఉంటే ఒడ్డు వెంబడి పక్కకి ఈదాలి. లాగుడు వదిలాక అలలతో పాటు ఒడ్డుకి రావచ్చు. వాణ్ణి కాపాడదామని ఇంకో పిల్లాడు దిగాడు. వాడు బతికాడు, అదృష్టం.

అమ్మాయి: ఇప్పుడు మీరు నాకు చెప్పింది ఐదు నిమిషాలు పట్టలేదు. ఈ ఐదు నిమిషాలు ఒడ్డున నిలబెట్టి ఆ నలుగురు పిల్లలకి చెప్పాక రుషికొండలో గుర్తు పెట్టిన చోట దింపితే తప్పా? 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన బీచ్ అది. స్నానానికి హద్దులుంటాయి, గజ ఈతగాళ్లుంటారు. వాళ్లు జాలరి కుర్రాళ్లే. నీళ్లను చూసి చెప్పగలరు, ఇవాళ వద్దంటే వద్దే.

అన్నయ్య: అయితే "జనం లేని బీచ్" అని ఎందుకు రాశావు?

అమ్మాయి: (కాసేపాగి) గెస్టులు అదే అడుగుతారు. ఫొటోల్లో వేరేవాళ్లు పడకూడదంటారు.

అన్నయ్య: జనం లేనిచోట జనం ఎందుకు లేరో కనుక్కున్నావా?

ఆ ప్రశ్నకి అమ్మాయి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. పక్కనే ఉండే ఊరివాళ్లు ఏ ఇసుకలో అడుగుపెట్టరో అక్కడికి కార్లేసుకుని వెళ్తారు బయటివాళ్లు. ఊళ్లో ఎవరూ చెప్పక కాదు, అడగక.

అన్నయ్య: ఇంకోటి. శనివారం పౌర్ణమి.

అమ్మాయి: అందుకే కదా వస్తున్నారు. పెద్దావిడకి మాఘ పౌర్ణమి సముద్ర స్నానం మొక్కు. పిల్లల స్నానం కొట్టేశారు సరే, ఆవిడ స్నానం కూడా కొట్టేస్తారా?

అన్నయ్యకి ఇది తెలీదు. మా అమ్మ కూడా బతికున్నంతకాలం మాఘ పౌర్ణమికి సముద్రంలో మునక వేసింది. అన్నయ్యే చెయ్యి పట్టుకుని దింపేవాడు, తల మీద నీళ్లు జల్లేవాడు. కార్తీక పౌర్ణమికీ అంతే. ఉత్తరాంధ్ర తీరంలో ఎన్ని ఊళ్లలో చూసినా ఆ రోజు ఒడ్డంతా ముసలివాళ్లే.

అన్నయ్య: పౌర్ణమికీ అమావాస్యకీ చంద్రుడూ సూర్యుడూ ఒక వరసలో పడతారు. పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. నీళ్లు ఎక్కువ రావడం, ఎక్కువ పోవడం. ఆవిడ మునక వెయ్యొద్దు. మోకాలి లోతులో కూచోబెట్టండి, ఇద్దరు కొడుకులూ చెరో చెయ్యీ పట్టుకోవాలి, ఇత్తడి చెంబుతో నీళ్లు పొయ్యండి. అల వచ్చినప్పుడు ఆవిడ వీపు సముద్రం వైపు ఉండకూడదు. అలని చూస్తూ ఉండాలి.

అమ్మాయి: అంటే దింపమంటున్నారు.

అన్నయ్య: ఆవిడని దింపకుండా ఎలా? మొక్కు అంటున్నావు.

అమ్మాయి: మరి పిల్లలకి లేని మొక్కు ముసలావిడకి ఉందనా? ఆవిడకి మొక్కు, వాళ్లకి సరదా. రెండిటికీ కావలసింది ఒకటే, పక్కన తెలిసిన మనిషి.

అన్నయ్య: ...పిల్లల్ని కూడా మోకాలి లోతే.

అమ్మాయి: నడుం లోతు, గజ ఈతగాడు ఒప్పుకుంటే.

అన్నయ్య కాగితం మీద "ఈతగాణ్ణి అడిగి" అని రాశాడు. దాన్ని అంగీకారం అనుకోవచ్చో లేదో నాకు తెలీలేదు. మా అమ్మాయి ఇంకో మాట మీదికి వెళ్లింది.

అమ్మాయి: మీరు బోటూ స్కూబా అంటే మొహం చిట్లిస్తారు గానీ, ఆ పని ఎవరు చేస్తున్నారో చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం. సరిగ్గా పిల్లల వేసవి సెలవులు. మర బోటు మీద కూలికి పోయే కుర్రాడు ఆ రెండు నెలలు ఏం చేస్తాడు? వాడికి సముద్రం తెలుసు, ఈత తెలుసు. ట్యాంకు కట్టుకోవడం నేర్పితే గెస్టుని చెయ్యి పట్టుకుని నీళ్ల అడుక్కి తీసుకెళ్లి చేప చూపిస్తాడు. వల లేకుండా చేప మీద బతికే దారి అది.

అన్నయ్య: ఈ మాట ఒప్పుకుంటాను. కానీ అదే కుర్రాడు నిన్న పెద్దవల లాగుతుంటే గెస్టులు చుట్టూ నిలబడి వీడియో తీశారు. నేను చూశాను. వలలో కవళ్లు పడ్డాయి, నెత్తళ్లు పడ్డాయి, ఆడవాళ్లు బుట్టల్లోకి ఎత్తుతుంటే ఒకాయన అడ్డంగా నిలబడి ఫొటో. అడగలేదు.

అమ్మాయి: అది నాకూ నచ్చదు. అందుకే ప్లానులో పెద్దవల పెట్టలేదు. మనుషుల పనిని టికెట్టు పెట్టి చూపించడం నావల్ల కాదు.

అన్నయ్య: చూపించొద్దు. తాడు పట్టించు. పెద్దవల లాగడానికి రెండువైపులా చేతులు కావాలి. పొద్దున ఒడ్డుకెళ్లి "మేమూ లాగొచ్చా" అని అడిగితే పాట పాడుతూ లాగే వరసలో చోటిస్తారు. అరగంట తాడు లాగిన పిల్లాడికి చేతులు ఎర్రబడతాయి. ఆ చేప వాళ్ల దగ్గరే కొనాలి, చెప్పిన ధరకి. ఫొటో అడిగాకే.

అమ్మాయి: ఒప్పుకోకపోతే?

అన్నయ్య: ఒప్పుకోకపోతే నడిచి వచ్చెయ్యాలి. వాళ్ల పని వాళ్లది.

ఆ తర్వాత అన్నయ్య రెండోరోజు మీదికి వెళ్లాడు. అక్కడ నిజంగా కంగారుపడ్డాడు. గొంతు మారింది.

అన్నయ్య: స్కూబా ఎన్నింటికి? అరకుకి ఎన్నింటికి?

అమ్మాయి: ఏడింటికి స్కూబా, పదకొండుకి అరకు బండి.

అన్నయ్య: ఇది ప్రాణం మీదికి తెచ్చే లెక్క. నీళ్ల కింద ఒత్తిడి ఎక్కువ కదా, అక్కడ పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరిగి ఉంటుంది. పైకి వచ్చాక మెల్లిగా బయటికి పోవాలి. ఆలోపే ఎత్తుకి పోతే, చుట్టూ ఒత్తిడి తగ్గిపోయి సోడా సీసా మూత తీసినట్టు బుడగలు కడుతుంది, కీళ్లలో, ఒక్కోసారి వెన్నులో. ఒక్క డైవు చేసినా కనీసం 12 గంటలు విమానం ఎక్కొద్దంటారు.

అమ్మాయి: విమానం ఎక్కకూడదని డైవింగ్ చెప్పే అబ్బాయి చెప్పాడు. అరకు విమానం కాదు కదా.

అన్నయ్య: కొండా విమానమే. సుమారు 600 మీటర్లు దాటితే అదే నియమం. అరకు దాదాపు 900 మీటర్లు. రైలు దారిలో శిమిలిగుడ స్టేషను 996 మీటర్లు. ఘాట్ రోడ్డు దానికంటే పైకి ఎక్కి దిగుతుంది. సముద్ర మట్టం కిందినుంచి నాలుగు గంటల్లో అక్కడికి తీసుకెళ్తున్నావు.

అమ్మాయి ముఖం తెల్లబోయింది. ఇంతకుముందు ఇలా ఎంతమందిని పంపిందో అన్న లెక్క వేసుకుంటోందని నాకు తెలిసింది. తీరం మీదినుంచి గంటల్లో కొండ మీదికి పోగలగడం మన విశాఖ గొప్ప అని అందరం చెప్పుకుంటాం, ప్రకటనల్లోనూ అదే వేస్తారు. ఆ గొప్పలోనే ఈ ప్రమాదం కూడా ఉందని నేనూ ఆరోజే విన్నాను. అతిథిని తిప్పే ప్రతివాళ్లూ కాగితం మీద రాసి గోడకి అంటించుకోవలసిన సంగతి.

అమ్మాయి: తిరగేస్తాను. అరకు ముందురోజు... కాదు, ముందురోజు పౌర్ణమి స్నానం. అరకు తీసేస్తాను.

అన్నయ్య: తీసెయ్. రెండు రోజుల్లో అరకు ఎందుకు?

అమ్మాయి: వాళ్లు అడుగుతారు మావయ్యా. "అరకు లేదా?" అంటారు. నేను చెప్పుకోవాలి.

అన్నయ్య: ఇందాక నాకు చెప్పినట్టు చెప్పు. తెలిస్తే వింటారు. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిందే, అప్పుడు నది నిండు వరదలో ఉంది. ఆ రోజు ఒడ్డున నిలబడి ఇవాళ వద్దు అనేవాళ్లు ఉండాల్సింది. డబ్బు కట్టి వచ్చినవాళ్లకి వద్దు అని చెప్పడమే కష్టమైన పని. నీ జీతం దానికే అనుకో.

అమ్మాయి: నెగడు మాటేమిటి? దాన్నీ కొట్టేశారు.

అన్నయ్య: ఇది ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిళ్లు ఒడ్డుకి వస్తాయి. వెలుగూ, మనుషుల అలికిడీ ఉంటే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లుతుంది. ఏడెనిమిది వారాలకి పిల్లలు బయటపడి ఎటు వెలుగుంటే అటు పాకుతాయి. సముద్రం మీది వెలుగనుకుని రోడ్డు దీపాల వైపు పోతాయి. నువ్వు సరిగ్గా అక్కడ నెగడు వేస్తానంటున్నావు.

అమ్మాయి: చీకట్లో కూచోబెడితే గెస్టులు ఒక్క పావుగంట ఉండరు.

అన్నయ్య: చీకటెక్కడిది తల్లీ, పౌర్ణమైతే!

అమ్మాయి నవ్వేసింది. నాకూ నవ్వొచ్చింది. మాఘ పౌర్ణమి వెన్నెల్లో ఈ ఇసుక ఎలా ఉంటుందో ఇక్కడ పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. టార్చిలైటు కూడా వద్దు. ఆ వెలుగులో తొమ్మిది మందీ నిశ్శబ్దంగా కూచుంటే చాలు. తాబేలు కనపడితే అదృష్టం, కనపడకపోయినా నష్టమేమీ లేదు.

కాగితం చివర ఇంకో రెండు గంటలు ఖాళీ మిగిలింది. రెండోరోజు, అరకు పోయిన చోటు. అమ్మాయి దాన్ని చూస్తూ కూచుంది.

అమ్మాయి: పిల్లలకి ఏం చెయ్యను ఇక్కడ?

అన్నయ్య: రాళ్ల గుంటలు. మంగమారిపేట వైపు రాళ్లున్నాయి కదా, పాటు దిగాక వాటి మధ్య నీళ్లు నిలుస్తాయి. ఒక్కో గుంటా ఒక్కో చిన్న సముద్రం. రాయికి అతుక్కుని పువ్వులా విచ్చుకునేవి ఉంటాయి, తాకితే ముడుచుకుంటాయి. ఎవరో వదిలేసిన శంఖంలో దూరి నడిచే పీతలుంటాయి. ముళ్ల ఉండల్లాంటివి ఉంటాయి. చెయ్యి పెట్టకూడదు, రాయి తిరగేస్తే మళ్లీ అలాగే బోర్లించాలి. నడుం వంచి ఒక్క గుంట దగ్గర పావుగంట కూచోమను, తర్వాత లేవమన్నా లేవరు.

అమ్మాయి: నాకు వాటి పేర్లు తెలీవు. మీరు వస్తారా?

అన్నయ్య సముద్రానికి అంత దగ్గరగా పిల్లల్ని తీసుకెళ్లి ఎన్నేళ్లయిందో నాకు తెలుసు. కాగితం అమ్మాయి చేతిలోంచి తీసుకుని, మడతపెట్టి, మళ్లీ విప్పాడు.

అన్నయ్య: పాటు ఎన్నింటికో చూడు ముందు.

అమ్మాయి ఫోన్లో పోటుపాట్ల పట్టిక తెరిచింది.

అన్నయ్య: దానికి గంట ముందు వెళ్లాలి. నీళ్లు తిరిగి ఎక్కడం మొదలవగానే అందరం బయటికి వచ్చెయ్యాలి. రబ్బరు చెప్పులు వేసుకోమను, రాళ్ల మీద నాచు జారుతుంది. తొమ్మిది మందికీ ఉన్నాయో లేదో ఇప్పుడే ఫోన్ చేసి అడుగు.